పన్నెండో సీసా

మా బాపు పేరు ఎల్లేశం. మల్యాల పక్కన మా ఊళ్లో నలభై ఏళ్లుగా తాటిచెట్లు గీస్తున్నాడు. నేను ఆయన ఒక్కగానొక్క బిడ్డను, లతను. ఆయన చెట్టెక్కి దింపే కల్లులో ఏముందో తెలుసుకోవడానికి నేను అయిదేళ్లుగా యూనివర్సిటీలో చదువుతున్నాను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. కన్నతల్లి, మా అవ్వ కనకవ్వ మాత్రం నవ్వదు. మొహం మాడ్చుకుని అంటుంది:

"కల్లుల ఏమున్నదో తెల్సుకునేటందుకు అయిదేండ్లు గావాల్నా? పొద్దుగాల ఒక ముంత తాగితె పగటీలికి తెలుస్తది."

అవ్వకు చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతాను. చెట్టు నుంచి కారే నీరు తియ్యగా ఉంటుంది. అది చెట్టుకు కట్టిన లొట్టి అనే కుండలో పడీ పడగానే ఈస్టు అనే కంటికి కనబడని జీవి దాంట్లో చేరి తీపిని తినడం మొదలుపెడుతుంది. తిని ఊరుకోదు, నురగనూ మత్తునూ వదిలిపెడుతుంది. ఆ ఈస్టులో ఎన్నో రకాలు. ఒకరి కల్లు తేనెలా ఎందుకుంటుంది, పక్కింటి కల్లు నోట్లో పెడితే పళ్లెందుకు పులుస్తాయి, ఏ ఊరి లొట్టిలో ఏ ఈస్టు కాపురం ఉంటోంది, ఇదీ నా పరిశోధన. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఈ జూలై ఆఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. అయిదేళ్లూ నురగే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పన్నెండు ఊళ్లు ఎంచుకున్నాను. ఊరికి ఒక గీత కార్మికుడు. మా గైడు కళావతి మేడం ముందే చెప్పింది.

"లతా, సీసాలు వాళ్లకిచ్చి రాకు. నువ్వే చెట్టు కింద నిలబడి, నీ చేతులతో పట్టుకో."

విన్నాను. తల కూడా ఊపాను. లోపల మాత్రం నాకు కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కల్లు లొట్టి పక్కన పుట్టినదానికి కల్లు పట్టడం నేర్పుతారా అనుకున్నాను. పైగా ఆ పన్నెండు మందిలో నాకు పరాయివాడు ఒక్కడూ లేడు. ఒకాయన మామ, ఒకాయన కాక, ఒకాయన పెద్దబాపు. పన్నెండో ఆయన సాక్షాత్తూ మా బాపే. మనోళ్లే కదా, మోసం చేస్తారా?

మోసం ఎవరూ చెయ్యలేదు. అదే ఈ కథలో చిక్కు.

ఒక్కొక్కరికి మూడేసి సీసాలిచ్చాను. లాబ్‌లో ఆవిరిపట్టి, మూత బిగించి తెచ్చిన సీసాలు. ఫిబ్రవరిలో మూడు మంగళవారాలు, పొద్దున తొమ్మిదింటికి మల్యాల క్రాస్ రోడ్డు దగ్గరికి తలా ఒక సీసా నింపి తెమ్మన్నాను. మంగళవారమే ఎందుకంటే ఆ రోజు కొండగట్టు అంజన్న దగ్గరికి అన్ని వైపుల నుంచీ బస్సులు నిండి వస్తాయి. సీసా ఇచ్చినట్టూ ఉంటుంది, దర్శనం చేసుకున్నట్టూ ఉంటుంది. నేను కరీంనగర్ నుంచి మొదటి బస్సుకు ఐస్‌ డబ్బాతో దిగి, చాయ్ హోటలు ముందు నిలబడేదాన్ని. సీసాలు డబ్బాలో సర్దుకుని తిరుగు బస్సెక్కేసేదాన్ని. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి వెళ్లేందుకు కూడా తీరిక ఉండేది కాదు.

మొదటి మంగళవారం పన్నెండు మందీ తొమ్మిదికల్లా వచ్చేశారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. మావాళ్లు సంఘం మీటింగుకు పదకొండింటికి రమ్మంటే ఒంటిగంటకు వచ్చి, "అప్పుడే షురూ జేసిండ్రా?" అని అడుగుతారు. అలాంటివాళ్లు, కోరుట్ల నుంచి మొగిలి మామ, కోనరావుపేట నుంచి మధుకర్ బావ, అందరూ ఒకే బస్సు దిగినట్టు ఒక్కసారే వచ్చి నిలబడ్డారు. నాకేమో సంతోషం పట్టలేదు. చదువంటే మావాళ్లకు ఎంత గౌరవమో అనుకుంటూ సీసాల మీద ఒకటి నుంచి నంబర్లు వేసుకున్నాను.

అందరి కంటే చివర బాపు వచ్చాడు. ఆయన టీవీఎస్ మోపెడ్ చప్పుడు నాకు దూరం నుంచే తెలుస్తుంది. తడి తువ్వాలలో చుట్టిన సీసా ఇచ్చి, "జర జల్ది డబ్బల వెట్టు బిడ్డా," అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. పదిమందిలో బిడ్డ చేతికి కల్లు ఇస్తున్నందుకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఆ సీసా మీద పన్నెండు అని రాశాను.

లాబ్‌లో నా పక్క బల్ల సిద్రాది. వాళ్లది కోరుట్ల. వాళ్ల నానమ్మ జులేఖాబీ ఖమీర్ రొట్టె కోసం పిండి పులియబెట్టే కుండలో ఏ ఈస్టు ఉందో చూస్తుంది. కల్లు వాసన కూడా చూడదు. అయితే ఏం లాభం, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నా పక్కన కూర్చున్న పాపానికి డిపార్ట్‌మెంటులో మా ఇద్దరికీ కలిపి 'కల్లుపిల్లలు' అని పేరు పెట్టేశారు.

మూడు మంగళవారాల సీసాలూ పరీక్ష చేశాక ఫలితం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒకటి నుంచి పదకొండు దాకా అన్ని సీసాల్లో ఒకే ఈస్టు. మూడుసార్లూ అదే. తిండిపోతు ఈస్టు అది, తీపిని నిదానంగా, చివరి చుక్కదాకా తింటుంది, పులుపు చేసే బాక్టీరియాను దగ్గరికి రానివ్వదు. నేను చూసిన కల్లు ఈస్టులన్నిటిలోకీ మేలైనది. పన్నెండో సీసా మాత్రం వేరు. అందులో ఈస్టు తక్కువ, పులుపు బాక్టీరియా ఎక్కువ. కల్లుకూ వెనిగరుకూ మధ్య ఎక్కడో ఉంది.

సిద్రా నా కంప్యూటరులోకి తొంగిచూసింది.

"అరె లతా, మా ఇంట్ల ఒక్క పిండి కుండలనే పైన ఒక రకం, అడుగున ఒక రకం దొరుకుతున్నయ్. నీకు పదకొండు ఊర్లల్ల ఒక్కటే ఎట్ల అచ్చింది? నాకైతె సముఝైతలేదు."

నాకు చర్రున మండింది. "నీ పిండికేం తెలుసు మా కల్లు సంగతి?" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా. అంతటితో ఆగలేదు. ఆ మూడు కాళ్ల కుందేలుకు వంశవృక్షం కూడా రాశాను. జగిత్యాల పిల్లను కోరుట్లకు, కోరుట్ల పిల్లను సిరిసిల్లకు ఇచ్చుకుంటారు మావాళ్లు. కొత్తగా కల్లు అమ్మే మండువా పెట్టుకునే అల్లుడికి అత్తగారింటి లొట్టి ఒకటి ఇచ్చి పంపడం పాత పద్ధతి. ఆ లొట్టి అడుగున మడ్డిలో ఈస్టు కూడా కాపురానికి వెళ్లిందన్నది నా సిద్ధాంతం. మూడు తరాల పెళ్లిళ్లు కనుక్కుని, ఎర్రటి బాణాలతో మ్యాపు గీశాను. ఏప్రిల్‌లో హైదరాబాదులో పెద్ద సభలో ఆ మ్యాపు తెర మీద వేస్తే హాలంతా చప్పట్లు. ఎవరో పెద్దాయన లేచి, ఆ పన్నెండో నమూనా సంగతేమిటని అడిగాడు. "అది మా నాన్నగారిదే సార్, శుభ్రత లోపం అయ్యుండాలి," అన్నాను. అందరూ నవ్వారు. అందరి కంటే ఎక్కువ నేనే నవ్వాను.

అంతటితో పోయినా బాగుండేది. ఆ ఆదివారం ఇంటికి వెళ్లాను. మా ఇంటి వెనక వేపచెట్ల కింద బాపు మండువా. కల్లు తాగడానికి వచ్చినవాళ్లు పదిహేను మంది దాకా తాటాకుతో మడిచిన రేకలు పట్టుకుని కూర్చున్నారు. బాపు లొట్టి వంచి పోస్తున్నాడు. సభలో చప్పట్ల మత్తు నాకింకా దిగలేదు.

"బాపూ, నీ రిజల్ట్ అచ్చింది," అన్నాను గట్టిగా. "పన్నెండు మందిల పదకొండు మంది పాస్. నువ్వొక్కనివే ఫెయిల్!"

మండువా గొల్లుమంది. బాపు పోస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పోశాడు.

"నాలుగో తరగతిల బడి ఇడిశిపెట్టినోన్ని బిడ్డా. నేనెట్ల పాసైత?" అన్నాడు. అందరితో కలిసి తనూ నవ్వాడు.

మా అవ్వ మాత్రం గుమ్మంలోంచి నావైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు పాలు ఒలకబోస్తే అలా చూసేది.

ఊళ్లో మాట పాకడానికి పెట్రోలు అక్కర్లేదు. యూనివర్సిటీ వాళ్లే ఫెయిల్ చేశారంటే మాటలా? వారం తిరిగేసరికి బాపు కల్లుకు 'ఫెయిల్ కల్లు' అని పేరొచ్చింది. మొదట హాస్యానికే అన్నారు. తర్వాత ఒకరిద్దరు రోడ్డు దాటి అవతల ముత్తయ్య మామ మండువాకు వెళ్లారు. ఇద్దరు వెళ్తే నలుగురు వెళ్తారు. అవ్వ ఫోన్ చేసి, "నీ సదువు సల్లగుండ, మీ బాపు లొట్లల్ల కల్లు మిగుల్తున్నది," అని పెట్టేసింది. నేను థీసిస్ రాసే హడావిడిలో ఆ మాటను పక్కన పెట్టాను. నాలుగు రోజులు అంటారు, మరిచిపోతారు అనుకున్నాను.

మే నెల మధ్యలో మళ్లీ ఊరికి వెళ్లాను. థీసిస్ దాదాపు అయిపోయింది. బస్సు దిగి నడుస్తుంటే ముత్తయ్య మామ మండువా జాతరలా ఉంది. మా మండువాలో ముగ్గురే ఉన్నారు. వాళ్లలో ఒకాయనకు రోడ్డు దాటే ఓపిక లేదు.

ముత్తయ్య మామ నన్ను చూసి పిలిచాడు. ఆయనా బాపూ చిన్నప్పటి నుంచీ పోటీ, చిన్నప్పటి నుంచీ దోస్తీ. వరసకు బావాబామ్మర్దులు.

"ఏం కోడలా, పెద్ద సైంటిస్టువైనవట! మీ బాపును ఫెయిల్ జేసినవట!"

"గదేం లేదు మామా..."

"లేదనకు. నాకు ముందే ఎర్కయింది. మీ బాపు కల్లు మీ బాపుకే నచ్చుతలేదు పో. శివరాత్రి ముందుగాల మూడు మంగళారాలు పొద్దుగాల్నే నా దగ్గరికి అచ్చిండు. బావా, సీసెడు కల్లు పొయ్యి అన్నడు. పోసిన. ఇంటెనుక చెట్లు వెట్టుకోని నా దగ్గరికెందుకు అచ్చిండో ఇయ్యాల్టికి సముఝ్ గాలే. నువ్వన్న అడుగు."

మండువా అంతా నవ్వింది. మూడు మంగళవారాలు. సీసెడు కల్లు. తడి తువ్వాలలో చుట్టిన సీసా. మొహం పక్కకు తిప్పుకున్న బాపు.

ఇంటికి ఎలా నడిచానో తెలియదు. బాపు మంచం మీద కూర్చుని గీత కత్తి నూరుతున్నాడు.

"బాపూ, నా పన్నెండో సీసల ఎవల కల్లు పోసినవ్?"

ఆయన తలెత్తలేదు. కత్తి అంచును బొటనవేలితో చూసుకున్నాడు.

"ముత్తయ్యది," అన్నాడు.

"నీదేమైంది?"

"నాది అయిపోయింది బిడ్డా."

"తొమ్మిది గాకముందే ఎట్లయిపోయింది?"

బాపు మళ్లీ కత్తి నూరసాగాడు. గుమ్మంలోంచి అవ్వ చెప్పింది. ఇన్నాళ్లూ నోరు కట్టుకుని ఉన్నదేమో, కట్ట తెగినట్టు చెప్పింది.

"ఎట్లయితదా? నీ మామలు, నీ కాకలు పదకొండు మంది తెల్లారంగనే ఇంటి ముంగట లైను గట్టిండ్రు. పదకొండు సీసలు నింపినంక లొట్టిల మడ్డి తప్ప ఏం మిగుల్తది?"

నేను వెళ్లి అవ్వ పక్కన గుమ్మంలో కూర్చున్నాను.

విషయం ఒక్కొక్కటిగా బయటికొచ్చింది. మొదటి మంగళవారం మొగిలి మామ నిజాయితీగానే తన కల్లు తెచ్చాడు. మూత బిగించిన సీసాలో కల్లు కోరుట్ల నుంచి బస్సులో కుదుపులు తిని, జగిత్యాల దాటాక పొంగి, మూత ఎగిరి కండక్టరు చొక్కా మీద పడింది. కండక్టరు తిట్లకు సగం దారిలో దిగిపోయినంత పనైంది. ఖాళీ సీసాతో బిడ్డ ముందుకు ఎట్లా పోవాలని మా ఇంటికి వచ్చాడు. బాపు నింపాడు. కోనరావుపేట మధుకర్ బావకు లాబ్ అనే మాట వినగానే ఎక్సైజు వాళ్లు కళ్లముందు కనబడ్డారు. శాంపిలంటే వాళ్లు తీసుకునేదే కదా. ఎందుకైనా మంచిదని, మచ్చలేని కల్లు ఎవరిదా అని ఆలోచించి మా ఇంటికే వచ్చాడు. తక్కినవాళ్లూ ఏదో ఒక సాకుతో అంతే. ఒకరి కల్లు ఆ వేళ పుల్లబడింది. ఒకరు బిడ్డ పరీక్షకు మామూలు కల్లు ఇస్తే ఏం మర్యాద అనుకున్నారు. మూడు వారాలూ అదే తంతు. ఎవరికి వారు తామొక్కరే అనుకుని చీకట్లో బయల్దేరి వచ్చి, మా ఇంటి ముందు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట.

నా పెళ్లిళ్ల మ్యాపు, ఎర్ర బాణాలు, చప్పట్లు. పదకొండు ఊళ్ల ఈస్టు అంటూ నేను చూపించింది మా ఇంటి వెనక మూడు చెట్ల కల్లు.

"మరి నాకెందుకు చెప్పలే బాపూ?" అన్నాను.

"ఏమని చెప్పాలె? పదకొండు మంది ఆశతోని అచ్చిండ్రు. అడిగినోనికి లేదన్న కల్లు కల్లేనా?"

"అప్పటిది కాదు. మండువల నేను ఫెయిల్ అన్నప్పుడు చెప్పద్దా?"

బాపు కత్తి పక్కన పెట్టాడు.

"పెద్ద పెద్ద సార్ల ముందట చెప్పి చప్పట్లు కొట్టిచ్చుకోని అచ్చినవ్. నీ మొకంల ఎన్నేండ్లకో సంబురం జూసిన. గది నేనెట్ల చెడగొడుదు బిడ్డా? కల్లు పుల్లగైతె రేపు మల్ల దించుకోవచ్చు."

నేను ఏడ్చాను. సిగ్గుతో కొంత, కోపంతో కొంత. ఎక్కువ భాగం, నలభై ఏళ్ల పనిని పదిహేను మంది ముందు ఒక్క మాటతో నవ్వులపాలు చేసినందుకు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను పెరటి చెట్టు వైద్యం పదకొండు ఊళ్ల పేర్లతో ఊరేగించి, పెరట్లో చెట్టును మాత్రం పనికిరాదన్నాను.

థీసిస్ అలాగే ఇచ్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. ఒక రాత్రంతా నాతోనే పడుకుంది. పొద్దున లేచి కళావతి మేడానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందని చెవి కొంచెం దూరం పెట్టుకున్నాను. నవ్వు వినిపించింది.

"చెట్టు కింద నిలబడమని ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలిసిందా? వాన పడితే తాటికల్లు అయిపోయినట్టే. పది రోజులున్నాయేమో. పన్నెండు చెట్ల కింద నిలబడు. పాతది పారెయ్యకు. ఒకే మనిషి కల్లు అన్నన్ని సీసాల్లో చెక్కుచెదరలేదంటే అదీ ఒక అధ్యాయమే. నీ పెళ్లిళ్ల మ్యాపు మాత్రం చించెయ్."

ఆ సాయంత్రమే మండువాలో నిలబడ్డాను. ముగ్గురే ఉన్నారు. అయినా పదిహేను మందికి వినబడేంత గట్టిగా చెప్పాను, రోడ్డు అవతలికి కూడా చేరాలని.

"ఫెయిలైంది బాపు గాదు, నేను. పేపరు తప్పు దిద్దిన."

రోడ్డు దాటే ఓపిక లేని పెద్దాయన రేక కింద పెట్టి, "గట్లయితె ఎల్లేశం పాసైనట్టేనా?" అన్నాడు.

"ఇంక సీస పట్టలే తాతా. పట్టినంక చెప్త."

పన్నెండో సీసాలో కల్లు ఎవరిదో మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని బాపు ముందే ఒట్టు పెట్టించుకున్నాడు. "అడుగంగనే పోసిండు. గాయ్న పేరు నీ నోట్ల నుంచి రావద్దు," అన్నాడు. ముత్తయ్య మామ ఇప్పటికీ ఆ మూడు మంగళవారాల సంగతి తలుచుకుని నవ్వుతూనే ఉంటాడు. నవ్వనిచ్చాను. నాకు అది కష్టమైన పనే.

మర్నాటి నుంచి ఎనిమిది రోజులు బాపు మోపెడ్ వెనక నేను, నా ఒళ్లో ఐస్‌ డబ్బా. చీకటితో బయల్దేరి, ఎండ ముదరకముందే ఏదో ఒక చెట్టు కిందికి చేరేవాళ్లం. సిరిసిల్ల దారిలో గుంతలు నా నడుముకు ఒక్కొక్కటిగా తెలుసు. వెళ్లిన చోటల్లా బాపు ముందు ఒక రేకెడు కల్లు తాగి, మూతి తుడుచుకుని, ఒకే మాట చెప్పేవాడు.

"గిది పరీక్ష గాదు. పాస్ లేదు, ఫెయిల్ లేదు. పుల్లగుంటె పుల్లగున్నదనే రాస్తది. ఎవల పేరు రాయది, నంబరేస్తది. నువ్వు ఎక్కు, నా బిడ్డ కింద నిలబడ్తది."

మొగిలి మామ చెట్టు దిగి, లొట్టి నా చేతికిస్తూ అన్నాడు. "జర మంచిగ రాయి బిడ్డా. కండక్టరు అంగీ ఉతికిచ్చిన పుణ్యమన్న జూడు."

మధుకర్ బావ మమ్మల్ని చూడగానే తల గోక్కున్నాడు. చెట్లు ఎక్కడ బావా అంటే ఆకాశం వైపు చూశాడు. చివరికి అసలు సంగతి చెప్పాడు. చెట్టెక్కడం మానేసి రెండేళ్లయిందట. ఎక్కడి నుంచో తెప్పించి అమ్ముతున్నాడట. "కావాల్నంటె మా కాకది పట్కపోండ్రి, నా పేరు మీద రాస్కోండ్రి," అన్నాడు. అంత చెప్పినా మళ్లీ మొదటికే వచ్చాడు. బాపు నవ్వాపుకోలేక మోపెడ్ స్టాండు వేసి అక్కడే కూర్చున్నాడు. కోనరావుపేటలో వాళ్ల కాక చెట్టు కిందే నిలబడి, వాళ్ల కాక నంబరు మీదే పట్టుకున్నాం.

పదకొండు సీసాలు అయ్యాయి. రోజూ సాయంత్రం బస్సుకు సీసాలు లాబ్‌కు పంపేదాన్ని. సిద్రా వేడివేడిగా మైక్రోస్కోపులో చూసి ఫోన్ చేసేది. "ఇప్పుడు లెక్క కుదిరింది. ఒక్కొక్కలది ఒక్కొక్క తీరు. నీ మొగిలి మామది మా నానమ్మ పిండి తీరు పొంగుతున్నది," అనేది. పాత ఈస్టు, ఆ మేలైన ఈస్టు, ఆ పదకొండింటిలో ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

తొమ్మిదో రోజు మా చెట్టు. పడమర వైపు మబ్బు పట్టి ఉంది. గాలిలో తడి వాసన. బాపు ముందు రోజు సాయంత్రమే లొట్టి కట్టి వచ్చాడు. ప్లాస్టిక్ డబ్బాలు తేలిక అని అందరూ వాటికి మారినా ఆయన మారలేదు. వాళ్లమ్మ నాటి మట్టి లొట్లే. వాటిని నీళ్లతో తొలుస్తాడు తప్ప లోపల తోమడు. అడుగున వేలెడు మడ్డి ఉండనిస్తాడు.

నడుముకు మోకు వేసుకుని ఎక్కాడు. అరవై దగ్గర పడుతున్నా ఎక్కేటప్పుడు ఆయన వయసు కింద చెప్పుల దగ్గరే ఆగిపోతుంది. లొట్టి నడుముకు తగిలించుకుని దిగాడు. నేను సీసా మూత తీసి పట్టుకున్నాను. ఆయన లొట్టి వంచబోయి ఆగాడు.

లొట్టిని మళ్లీ నిటారుగా పట్టుకున్నాడు.

"ఏంది బాపూ?"

"ఏం లేదు," అన్నాడు లొట్టిలోకి చూస్తూ. "పదకొండు మందికి పోసిననాడు గీ భయం లేకుండె బిడ్డా. ఇయ్యాల నా పేరు మీద పోస్తున్న. నిజంగ ఫెయిలైతె?"

నేను ఇంతకాలం ఆయన్ను ఫెయిల్ అన్నది ఆయనకు హాస్యం కాలేదని నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. నవ్వుతూ కల్లు పోసిన మనిషి, ముత్తయ్య మామ సీసాయే ఫెయిలైందని తెలిసిన మనిషి, రెండు నెలలుగా లోపల ఎక్కడో నమ్మాడు. చదువుకున్న బిడ్డ చెప్పింది కాబట్టి నమ్మాడు.

"బాపూ, లెక్క చెప్త ఇను," అన్నాను. "మంగళారానికి పదకొండు సీసలు. మూడు మంగళారాలు. అన్నిట్ల కల్లు నీదే. నువ్వు ముప్పై మూడు సార్లు పాసైనవ్. అన్నిసార్లు వేరేటోళ్ల పేరు మీదనే."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మూడు పదకొండ్లు. పెదాలు కదిలాయి. లెక్క కుదిరాక తల ఎత్తి చెట్టు వైపు చూశాడు, నావైపు చూడలేదు.

"గట్లనా," అన్నాడు.

లొట్టి వంచాడు. ఈసారి ఆగలేదు. తెల్లటి నురగ సీసా మెడదాకా లేచింది. మూత బిగించి, జేబులోంచి మార్కర్ తీసి పన్నెండు అని రాయబోయాను.

"నంబరే రాస్తవా బిడ్డా?" అన్నాడు. పదకొండు ఊళ్లు తిరిగి, పేరు రాయదని అందరికీ మాటిచ్చిన మనిషే. అడిగి తనే సిగ్గుపడ్డాడు. "నంబరే రాయి. రూలు గదా."

రూలే. పేర్లు రాయకూడదు. కళావతి మేడం చూస్తే మళ్లీ చెవి పట్టుకుంటుంది. నేను సీసా మీద పెద్ద అక్షరాలతో 'ఎల్లేశం' అని రాసి ఆయనకు చూపించాను. చదవడానికి కొంచెంసేపు పట్టింది. చదివాక చేతిలోకి తీసుకుని, మూత సరిగా ఉందో లేదో తనే మళ్లీ ఒకసారి బిగించాడు.

మేము క్రాస్ రోడ్డు చేరేసరికి మొదటి చినుకులు పడ్డాయి. కరీంనగర్ బస్సులో కొండగట్టు దాటేదాకా ఆ సీసా డబ్బాలో పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకున్నాను. తర్వాత పేరు తుడిచి పన్నెండు వేశాను.